ఇంట్లోనే లెక్కలు: కాలిక్యులస్ దాకా ఏ పుస్తకాలు, ఎంత స్పీడులో? దయచేసి ఎవరైనా చెప్పండి

బ్రాడీపేట అమ్మ:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను, తల బద్దలైపోతోంది. మావాడికి ఇంట్లోనే చదువు చెబుతున్నాం. లెక్కలంటే ఇష్టం, అందుకే కాలిక్యులస్ దాకా నేనే చెబుదామనుకున్నాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉన్నాయి, ఖాన్ అకాడమీ వీడియోలు చూస్తున్నాడు, మా మరిది ఇంకో అమెరికన్ కోర్సు కొనమంటున్నాడు. ఒక్కోదాంట్లో ఒక్కో వరుస. ఒకచోట ఆల్జీబ్రా ఒకటి, జామెట్రీ, ఆల్జీబ్రా రెండు, ప్రీకాలిక్యులస్ అని విడివిడిగా ఉంటే, మన పుస్తకాల్లో అన్నీ కలిపి ఉంటాయి. లిమిట్స్ మొదలుపెట్టాం. వీడియో చూసినంతసేపూ అర్థమైందంటాడు, లెక్క ఇస్తే పెన్ను కదలదు. ఏ కోర్సు కొనాలి? రోజుకి ఎంత చేయించాలి?

పటమట నాన్న:
ఏ క్లాసు? ఏ బోర్డు? ఏ పరీక్ష రాయిస్తారు? ఇవి లేకుండా ఏం చెప్పగలం.

గవర్నర్‌పేట పాఠకుడు:
మేడమ్, కోర్సు ఏదైనా సరే, కాలిక్యులస్‌ని న్యూటన్, లైబ్నిజ్‌లతో మొదలుపెట్టకండి. 14వ శతాబ్దంలోనే కేరళలో సంగమగ్రామ మాధవుడు సైన్, కొసైన్‌లకు అనంత శ్రేణులు కనిపెట్టాడు. అతని శిష్య పరంపరలో జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దంలో వాటి ఉపపత్తులు, అంటే రుజువులు, మలయాళంలో వివరంగా రాసిపెట్టాడు. సంస్కృతంలో కాదు, మలయాళంలో! మన పిల్లలకు ఈ సంగతి ఏ క్లాసులోనూ చెప్పరు. ఈ విద్య మన నేల మీద కూడా పుట్టిందని తెలిస్తే వాళ్లకు లెక్కల మీద గురి కుదురుతుంది. ముందు అది చెప్పండి.

డాలస్ తెలుగు:
మా అమ్మాయి కిందటేడే ఏపీ కాలిక్యులస్ రాసింది. ఒక ఏడాది పూర్తిగా ప్రీకాలిక్యులస్ చేశాకే మొదలుపెట్టించాం. అది లేకుండా లిమిట్స్‌లోకి దిగకండి.

పటమట నాన్న:
ఏపీ అంటే మన పాత ఇంటర్ లెక్కల 1బీ నా?

డాలస్ తెలుగు:
కాదండీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఇక్కడ కాలేజ్ బోర్డు ఏటా మే నెలలో పెట్టే పరీక్ష. అందులో ఏబీ అని ఒకటి, బీసీ అని ఒకటి. ఏబీలో ఉన్నదంతా బీసీలో ఉంటుంది, దాంతోపాటు సిరీస్, పోలార్ లాంటివి ఎక్కువ.

లెక్చరర్, విజయవాడ:
గుంటూరు పిల్లాడికి అదంతా ఎందుకు సార్? ప్రీకాలిక్యులస్ అని మన దగ్గర విడిగా ఏమీ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతిలో ఫంక్షన్స్, ట్రిగొనామెట్రీ, సరళరేఖలు, కోనిక్స్ ఉన్నాయి కదా, అదే అది. దాని కోసం డాలర్లు పోసి కోర్సు కొననక్కర్లేదు.

డాలస్ తెలుగు:
పేరు లేదంటే సబ్జెక్టు లేదని కాదు కదా. ఏడాది పాటు నింపాదిగా చేయడం వేరు, చాప్టర్లుగా పరిగెత్తించడం వేరు.

లెక్చరర్, విజయవాడ:
పరిగెత్తించమని నేనెక్కడ అన్నాను?

బ్రాడీపేట అమ్మ:
సర్, మీరిద్దరూ చెప్పేదీ నాకు పనికొచ్చేదే, కానీ మావాడి సంగతి చెప్పండి. వాడికి మొన్ననే 14 నిండాయి. ఎనిమిదో తరగతి అయ్యాక స్కూల్ మాన్పించాం. తొమ్మిది పుస్తకం సగం దాకా చేశాడు, చాలా తేలిగ్గా ఉందన్నాడు. పదిలో ట్రిగొనామెట్రీ ఒక్కటి చేసి 11లోకి వచ్చేశాం. ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో టెన్త్, ఆ తర్వాత ఇంటర్ స్థాయి రాయిస్తాం. చివరికి జేఈఈ, ఈఏపీసెట్ రాయాలని వాడి కోరిక.

పటమట నాన్న:
ఇది మొదటే రాయాల్సింది. స్కూల్‌కి వెళ్లకపోతే జేఈఈ ఇవ్వరు, చూసుకోండి.

లెక్చరర్, విజయవాడ:
అలా భయపెట్టకండి. ఎన్‌ఐఓఎస్ జాతీయ బోర్డు. సీనియర్ సెకండరీ, అంటే ఇంటర్ స్థాయి, అయిదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్‌కి అర్హత ఉంది. టెన్త్‌కి 14 నిండాలి, సీనియర్ సెకండరీకి 15. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు: ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్. టెన్త్‌కీ సీనియర్ సెకండరీ సర్టిఫికెట్‌కీ మధ్య రెండేళ్లు ఉండాలి కాబట్టి మీ బాబు ఎంత వేగంగా చదివినా సర్టిఫికెట్ ముందుగా రాదు. తొందరపడి మీకు కలిసొచ్చేదేమీ లేదు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి:
అమ్మా, కోర్సు సంగతి తర్వాత చూద్దాం. అబ్బాయికి రెండు లెక్కలు ఇవ్వండి. మొదటిది: ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, దాని కింద ఎక్స్ మైనస్ 3. సూక్ష్మీకరించమనండి. రెండోది: ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ మైనస్ 6, కింద ఎక్స్ మైనస్ 2. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకండి. ఆన్సర్ ఒక్కటే కాదు, ఏం కొట్టేశాడో, ఏం రాశాడో ప్రతి లైనూ నాకు కావాలి.

బ్రాడీపేట అమ్మ:
చేయించాను మాస్టారూ. మొదటిది ఎక్స్ ప్లస్ 3 అని వెంటనే చెప్పాడు, కరెక్టే కదా? రెండోది 2 ఎక్స్ ప్లస్ 3 అని వేశాడు. పైన ఎక్స్ స్క్వేర్‌నీ కింద ఎక్స్‌నీ కొట్టేసి ఎక్స్ అని, పైన మైనస్ 6నీ కింద మైనస్ 2నీ కొట్టేసి ప్లస్ 3 అని రాశాడు. మధ్యలో ఉన్న ఎక్స్‌ని అలాగే కలిపాడు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి:
నేను అనుకున్నదే. మొదటి లెక్క కూడా అలాగే చేసి ఉంటాడు: ఎక్స్ స్క్వేర్‌ని ఎక్స్‌తో, మైనస్ 9ని మైనస్ 3తో కొట్టేస్తే ఎక్స్ ప్లస్ 3 వచ్చేస్తుంది. పద్ధతి తప్పు, జవాబు ఒప్పు. వీడియో చూసేవాడికి, జవాబు మాత్రమే సరిచూసే యాప్‌కి ఇది ఎప్పటికీ దొరకదు. రెండో లెక్కకి కూడా జవాబు ఎక్స్ ప్లస్ 3 యే అమ్మా. పైదాన్ని ఎక్స్ ప్లస్ 3 ఇంటూ ఎక్స్ మైనస్ 2 అని కారణాంకాలు చేస్తేనే కింది ఎక్స్ మైనస్ 2 పోతుంది. గుణకారంలో ఉన్నదాన్నే కొట్టేయాలి, కూడికలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఎక్స్ 2 వైపు వెళ్తుంటే దీని లిమిట్ 5. మీ అబ్బాయి దారిలో 7 వస్తుంది. వాడికి రానిది లిమిట్ కాదు, తొమ్మిదిలో సరిగా పట్టుబడని పాలినామియల్స్.

కాబట్టి ఇలా చేయండి. తొమ్మిదిలో పాలినామియల్స్, పదిలో వర్గ సమీకరణాలు. ఈ రెండూ నోట్‌బుక్‌లో, ప్రతి లైనూ రాయిస్తూ. తారీకులు పెట్టుకోకండి. కొత్త రకం లెక్కలు పది ఇస్తే తొమ్మిది సాయం లేకుండా చేసినప్పుడే తర్వాతి చాప్టర్. రోజుకి గంట చాలు, కానీ అందులో పావుగంట పాత లెక్కలు, కలగాపులగంగా ఇవ్వాలి. చాప్టర్ చివరి లెక్కలే చేస్తుంటే ఏ సూత్రం వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తుంది, పిల్లాడు ఆలోచించడు.

ఆ తర్వాత 11లో అన్నీ వరుసగా వద్దు. ఫంక్షన్స్, సరళరేఖల్లో వాలు, ట్రిగొనామెట్రీ, అప్పుడు లిమిట్స్. పర్ముటేషన్స్, కోనిక్స్, త్రీడీ తర్వాత చేసినా కాలిక్యులస్‌కి నష్టం లేదు. ట్రిగొనామెట్రీలో మాత్రం కోణాలను రేడియన్లలో కొలవడం బాగా వచ్చాకే సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ చెప్పండి. కాలిక్యులేటర్ డిగ్రీల్లో పెట్టి ఎక్స్ చోట 0.1 వేసి చూడమనండి, 0.01745 వస్తుంది. రేడియన్లలో వేస్తే 0.9983. ఈ తేడా ఎందుకో వాడే మీకు చెప్పాలి.

లెక్చరర్, విజయవాడ:
మాస్టారూ, ఒక్క విషయంలో మీతో విభేదిస్తాను. 11వ తరగతి ఫిజిక్స్ మొదట్లోనే, చలనం పాఠంలో వేగం, త్వరణం అవకలనంతో, అంటే డెరివేటివ్‌తో వస్తాయి. లెక్కల పుస్తకంలో లిమిట్స్ 12వ చాప్టర్. అక్కడిదాకా ఆగితే ఫిజిక్స్ ఆగిపోతుంది. ఎక్స్ పవర్ ఎన్ డెరివేటివ్ ఒక్కటి ముందే నేర్పాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి:
నేర్పండి, వద్దనను. గ్రాఫు పేపరు మీద ఎక్స్ స్క్వేర్ గీయించి, 3 దగ్గర వాలు కొలిపించి, 6కి దగ్గరగా వచ్చాక సూత్రం చెప్పండి. సూత్రం ముందు చెబితే బట్టీ పట్టేస్తాడు.

లెక్చరర్, విజయవాడ:
దానికి ఒప్పుకుంటాను. కానీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలే. ఎప్పుడో ఒకప్పుడు స్పీడు కూడా కావాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి:
పద్నాలుగేళ్లకి కాదు.

గవర్నర్‌పేట పాఠకుడు:
సాధన లెక్కలకి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో తెలుగు అకాడమీ పాత ఇంటర్ లెక్కల పుస్తకాలు 1ఏ, 1బీ అడగండి. 1బీలో లిమిట్స్, డిఫరెన్షియేషన్ లెక్కలు బోలెడు ఉంటాయి. మాధవుడి సంగతి మర్చిపోకండి మేడమ్.

డాలస్ తెలుగు:
ఖాన్ అకాడమీలో ఆల్జీబ్రా 1కి కోర్స్ చాలెంజ్ అని కోర్సు మొత్తం మీద ఒక పరీక్ష ఉంటుంది, ఉచితమే. ముందు అది రాయిస్తే ఇంకెక్కడ ఖాళీలున్నాయో తెలుస్తుంది.

పటమట నాన్న:
వీడియోలు ఆపేసి నోట్‌బుక్ పట్టించండి. అంతే.

బ్రాడీపేట అమ్మ:
సరే మాస్టారూ, తొమ్మిది పాలినామియల్స్ నుంచి మళ్లీ మొదలుపెడతాం. కోర్సు కొనడం లేదు. వాడికి చెబితే మొహం ముడుచుకున్నాడు గానీ, రెండో లెక్క ఎందుకు తప్పయిందో అడిగి మరీ చెప్పించుకున్నాడు. అందరికీ థాంక్స్.

మంగళగిరి నుంచి:
మా పాప ఏడో తరగతి, ఇంట్లోనే చదువుతోంది. భిన్నాల కూడికల్లో పైవి పైన, కిందవి కింద కలిపేస్తోంది. ఇదీ ఆ కొట్టివేతల లాంటిదేనా? మాస్టారు గారూ, ఎక్కడ నుంచి మొదలుపెట్టమంటారు?