యార్క్‌కు కొత్తగా వచ్చాను, పాత యుద్ధాల పునరభినయంలో చేరాలంటే ఏమేమి కావాలి?

ప్రొద్దుటూరు తమ్ముడు, యార్క్:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద కొత్తగా యార్క్ వచ్చాను. పోయిన వారం ఊరికి దగ్గర్లో ఒక మైదానంలో 17వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధాన్ని ఆడి చూపించారు. రాజు పక్షం ఒకవైపు, పార్లమెంటు పక్షం ఇంకోవైపు. పొడవాటి బల్లేలు పట్టిన దళాలు భుజాలు కలిపి ఢీకొంటుంటే ఒళ్లు గగుర్పొడిచింది. గండికోట గోడల మీద తిరుగుతూ పెరిగినవాణ్ణి, నాకూ చేరాలని ఉంది. మన రంగు వాళ్లను ఆ దళాల్లోకి రానిస్తారా? తుపాకీకి, కత్తికి ఎవరి అనుమతి కావాలి? మా జేజినాయనకు వాళ్ల తాత నుంచి వచ్చిన కత్తి ఒకటి ఇంట్లో ఉంది, దాన్ని ఇక్కడికి తెప్పించుకోవచ్చా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

ఆదోని అన్న, నాటింగ్‌హామ్:

తమ్ముడూ, నువ్వు అడగని సంగతితో మొదలుపెడతాను. అన్నిటికంటే ముందు నీ ఇంటి యజమానికి ఈ విషయం రాతపూర్వకంగా చెప్పు.

మేము అద్దెకున్న ఇంట్లో నా బల్లెం ఏ గదిలోనూ పట్టేది కాదు. పదహారు అడుగుల కర్ర మరి. అందుకని మెట్ల పక్క కటకటాల వెంట తాడుతో కట్టి ఉంచేవాణ్ణి. ఇనుప టోపీ, తోలు కోటు నడవలో కొక్కేనికి. పదును లేని కత్తి ఒకటి బీరువాలో. ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా యజమాని చెప్పాపెట్టకుండా తన తాళంచెవితో లోపలికి వచ్చి అన్నిటికీ ఫోటోలు తీసుకుని వెళ్లాడు. ఇంట్లో మారణాయుధాలు దాచావు, వెంటనే ఖాళీ చెయ్యి అని సాయంత్రానికి సందేశం. మరుసటి రోజు పొద్దున ఇద్దరు పోలీసులు గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల స్కూలుకు తయారవుతోంది, నా భార్య బిక్కచచ్చిపోయింది. కత్తి అంచు మొద్దుగా ఉండటం, మొన గుండ్రంగా అరగదీసి ఉండటం చూపించాను. మా పునరభినయ సంఘం బీమా కాగితాలు, సభ్యత్వ కార్డు చూపించాను. వాళ్లు అన్నీ పరిశీలించి, తప్పేమీ లేదని చెప్పి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే పోలీసులు మర్యాదగానే మాట్లాడారు.

యజమాని మాత్రం తగ్గలేదు. కటకటాలకు గీతలు పడ్డాయన్న సాకుతో డిపాజిట్ మొత్తం పట్టేసుకుంటానన్నాడు. అప్పుడు కూర్చుని నియమాలు చదివాను. ఇంగ్లండ్‌లో అద్దె డిపాజిట్‌ను అందిన 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టి, ఆ వివరాలు అద్దెదారుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు ఆ మొత్తానికి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. తనిఖీకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాసి తెలపాలి. ఈయన రెండూ చేయలేదు. ఈ రెండు ముక్కలూ ఉత్తరంలో రాసి పంపితే డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. అయినా ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక చలికాలంలో చిన్నపిల్లతో ఇల్లు మారాము. ఆ కష్టం నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు. అప్పటి మస్కెట్లు గొట్టం లోపల నున్నగా ఉండే తుపాకులు, వాటికి పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తుపాకిమందు కొని ఉంచుకోవడానికి పేలుడు పదార్థాల సర్టిఫికెట్ వేరే. కొత్తవాళ్లకు ఈ రెండూ అక్కరలేదు. ముందు బల్లెం దళంలో చేరు, సామాను సంఘమే అరువిస్తుంది. కత్తి సంగతికి వస్తే, 50 సెంటీమీటర్లు, అంతకు మించిన వంపు కత్తుల అమ్మకం, దిగుమతి ఇక్కడ 2008 నుంచి నిషేధం. పునరభినయానికీ, పాత పద్ధతిలో చేత్తో చేసిన వాటికీ మినహాయింపు ఉంది. ఏ కత్తి అయినా సరే, బయటికి తీసుకువెళ్లేటప్పుడు గుడ్డలో చుట్టి కారు డిక్కీలో పెట్టు. సరైన కారణం లేకుండా పదిమందిలోకి కత్తితో వెళ్లడం నేరం.

మీ జేజినాయన కత్తి మాత్రం ప్రొద్దుటూరులోనే ఉండనీ. నూరేళ్లు దాటిన వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని మన 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. విమానాశ్రయంలో పట్టుకుంటే వస్తువూ పోతుంది, పరువూ పోతుంది.

అనంతపురం అక్క, లెస్టర్:

అన్న ఆయుధాల గురించి చెప్పాడు. నేను బట్టల గురించి చెబుతాను, ఎందుకంటే ఈ అభిరుచిలో నిజాయితీ తేలేది అక్కడే. చేరిన మొదటి ఏడాదే అందరూ కత్తులూ తుపాకులూ కొనేస్తారు. చొక్కా మాత్రం నాసిరకం కాటన్‌ది, కుట్టు మొత్తం మిషన్‌ది.

ఆ కాలపు సైనికుడి చొక్కా నారబట్టతో కుట్టింది. బట్ట వృథా కాకుండా అంతా దీర్ఘచతురస్రాలుగా, చదరాలుగా కత్తిరిస్తారు. చంక కింద అరచేతిలో పట్టేంత చదరపు ముక్కను కోణంగా తిప్పి అతుకుతారు. ఆ ముక్క ఉండబట్టే చెయ్యి పైకెత్తి బల్లెం పట్టినా చొక్కా చిరగదు. చూడటానికి చిన్న ముక్కే. అది లేని చొక్కా వేసుకున్నవాడు గంటసేపు డ్రిల్లు చేస్తే చంకలో పర్రుమని చిరుగుతుంది. ఇంతమంది ఇన్నేళ్లు ఎందుకు అలా కుట్టుకున్నారో అప్పుడు మన ఒంటికే తెలిసివస్తుంది. ఈ పని నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం ఇదే. పుస్తకం చదివితే ఆ అవగాహన రాదు.

కోటు, మేజోళ్లు ఉన్నివి. పాలిస్టర్ వద్దే వద్దు. అది ఆ కాలానికి నప్పదన్నది ఒక కారణం, ప్రాణాపాయం ఇంకో కారణం. తుపాకిమందు నిప్పురవ్వ ఉన్ని మీద పడితే మాడి ఆరిపోతుంది. పాలిస్టర్ మీద పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

నేను మస్కెట్ దళంలో మగ వేషంలో నిలబడతాను. ఆడవాళ్లు నిలబడితే అసలుతనం పోయిందని మొదట్లో ఒకరిద్దరు గొణిగారు. నా బొత్తాల కాజాలు దగ్గరికి వచ్చి చూడమన్నాను. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

కోవెలకుంట్ల పెద్దాయన, వర్జీనియా:

అమ్మా, కాజాలు ముఖ్యమే. ఇక్కడ అమెరికాలోనూ దారపు పోగులు లెక్కపెట్టేవాళ్లు బోలెడుమంది. కానీ అసలుతనం అంటే బట్ట ఒక్కటే కాదు. 1913లో అమెరికా అంతర్యుద్ధం నాటి గెటిస్‌బర్గ్ పోరుకు యాభై ఏళ్లు నిండినప్పుడు ఉత్తరం, దక్షిణం రెండు పక్షాల నుంచీ 50 వేల మందికి పైగా మాజీ సైనికులు అక్కడ చేరారు. దక్షిణ పక్షపు సేనాని పికెట్ పేరుతో పిలిచే దాడి జరిగిన పొలంలో ఆ ముసలివాళ్లు మళ్లీ నడిచి, రాతిగోడ దగ్గర చేతులు కలుపుకున్నారు. వాళ్ల ఒంటి మీద యాభై ఏళ్ల కిందటి బట్టలు లేవు. అంతకంటే అసలైన ప్రదర్శన ఎవరైనా చూపించగలరా?

నా బాధ వేరే. మనవాళ్లు రాజు చార్లెస్ కోసం, పార్లమెంటు కోసం బల్లెం పడుతున్నారు, మంచిదే. మన ఉమ్మడి కర్నూలు జిల్లా నేల మీద జరిగిన పోరాటాన్ని ఇంత శ్రద్ధగా ఆడి చూపించేవాళ్లు ఎవరున్నారు? 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆయన వెంట నడిచింది కట్టుబడి కావలిగాళ్లు, కంపెనీ మాన్యాలు లాగేసుకుంటే బతుకుతెరువు పోయినవాళ్లు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. ఆ ఊళ్లో పుట్టినవాణ్ణి, ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి బిగుసుకుంటుంది. మన సభల్లో ఆయనకు మఖ్మల్ అంగీ తొడిగి, నెత్తిన జరీ తలపాగా చుట్టి, చేతిలో ప్లాస్టిక్ కత్తి పెడతారు. పక్కనున్న కావలిగాడికి పట్టుపంచె! ఆకలికి తిరగబడ్డ మనిషికి పట్టుపంచె ఎక్కడిది?

అనంతపురం అక్క, లెస్టర్:

పెద్దాయనా, ఈ మాటకు మీకు దండం పెడతాను. ఆ కావలిగాడికి ముతక నూలు పంచె, భుజాన గొర్రెల ఉన్ని కంబళి ఉండాలి. మా అనంతపురం పల్లెల్లో కురుబలు నేసే నల్ల కంబళి చూసినవాళ్లకు తెలుసు. ముట్టుకుంటే గుచ్చుకుంటుంది, వాన పడితే బరువెక్కుతుంది, కానీ చలిని ఆపుతుంది. అది కప్పుకుని రాత్రి కాపలా కాసిన మనిషి ఎలా నిలబడతాడో, ఎలా కూర్చుంటాడో ఆ బరువే నేర్పిస్తుంది.

విజయనగర కాలం వేయాలనుకునేవాళ్లకైతే లేపాక్షి ఉంది. వీరభద్రాలయం కప్పు మీది బొమ్మల్లో పొడవాటి కుళ్లాయి టోపీలు, చీరల అంచులు, వాటి మీది గళ్లూ గీతలూ ఇంకా కనిపిస్తున్నాయి. 16వ శతాబ్దంలో గీసినవి. అంత సాక్ష్యం తలమీదే ఉంటే, అద్దె బట్టల దుకాణంలో దొరికే కిరీటాలు ఎందుకు?

గుత్తి నుంచి, లండన్:

తమ్ముడి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. మన రంగు వాళ్లు ఆ కాలపు ఇంగ్లండ్‌లో లేరని ఎవరైనా అంటే ఒక్క సంగతి చెప్పు. 1616 డిసెంబరు 22న లండన్‌లోని ఒక చర్చిలో బంగాళాఖాత తీరం నుంచి వచ్చిన భారతీయ యువకుడికి బాప్తిస్మం ఇచ్చారు. పీటర్ అనే పేరు పెట్టింది సాక్షాత్తు రాజు మొదటి జేమ్స్. అంతర్యుద్ధం మొదలైంది 1642లో. అంటే అంతకు పాతికేళ్ల ముందే మనవాడు అక్కడ ఉన్నాడు.

ఆదోని అన్న, నాటింగ్‌హామ్:

గుత్తి అన్నా, ఆ సంగతి గొప్పదే, కానీ కుర్రాడికి అది అవసరం లేదు. దళంలోకి రావడానికి చర్చి రికార్డు చూపించాలా? అలా అయితే దళంలో సగం మంది 17వ శతాబ్దపు సైనికుడి వయసు దాటినవాళ్లే, పళ్లన్నీ తిన్నగా ఉన్నవాళ్లే. వాళ్లను ఎవరూ రుజువు అడగరు. నన్ను చేర్చుకున్నరోజు అడిగింది ఒక్కటే, ఆజ్ఞ వినగానే అడుగు వేయగలవా అని.

గుత్తి నుంచి, లండన్:

రుజువు చూపించమని నేను అనలేదు. ఎవరైనా నోరు జారితే జవాబు చేతిలో ఉండాలన్నాను. నాకు అవసరం పడింది. మీకు పడకపోతే సంతోషం.

కోవెలకుంట్ల పెద్దాయన, వర్జీనియా:

ఇద్దరూ ఊరుకోండి. ఇక్కడ వచ్చే దసరాకు కృష్ణదేవరాయల కాలపు సైనిక శిబిరం వేయాలని అనుకుంటున్నాము. గుడారాలు, దూది కుట్టిన అంగీలు తయారవుతున్నాయి. రాగి సంగటి, వేరుశనగ పచ్చడి వండి అందరికీ పెడతాము. మన సీమ సైనికుడు తిన్న తిండి మన పిల్లలకు తెలియాలి.

గుత్తి నుంచి, లండన్:

పెద్దాయనా, క్షమించండి. సంగటి పెట్టండి, పచ్చడి తీసేయండి. వేరుశనగ దక్షిణ అమెరికా పంట. రాయలు పాలించింది 1509 నుంచి 1529 దాకా. మన అనంతపురం చేలల్లో వేరుశనగ పరచుకోవడం ఎంతో తర్వాతి మాట. మిరపకాయ కూడా అమెరికా నుంచి పోర్చుగీసుల వెంట వచ్చిందే. కారానికి మిరియాలు, పులుపుకు చింతపండు వాడండి.

కోవెలకుంట్ల పెద్దాయన, వర్జీనియా:

పోర్చుగీసులు గోవా పట్టుకున్నది 1510లో. రాయలవారికి గుర్రాలు అమ్మింది వాళ్లే. గుర్రాలు వచ్చిన దారిలో నాలుగు మిరపకాయలు రాకూడదా?

గుత్తి నుంచి, లండన్:

రావచ్చు. వచ్చి, ప్రతి సైనికుడి కంచంలోకి చేరడానికి ఎంతకాలం పడుతుంది? వచ్చి ఉండవచ్చు అన్న ఒక్క మాట మీద వంట చేస్తే, రేపు అదే మాట మీద మఖ్మల్ అంగీ కూడా తొడుగుతారు. మీరే కదా దానికి బాధపడింది.

అనంతపురం అక్క, లెస్టర్:

గుత్తి అన్న మాటే సరి. ఇక్కడి శిబిరాల్లోనూ సైనికుల కుండలో బంగాళాదుంప వేయనివ్వరు. పెద్దాయనా, వేరుశనగ మానేసి ఉత్త మిరపకాయ పచ్చడి నరసింహారెడ్డి శిబిరంలో పెడితే అడ్డేమీ లేదు. 1846 నాటికి మిరప మన వంటింట్లో ఎప్పుడో స్థిరపడింది. ఆ శిబిరమే వేయండి. కట్టుబడివాళ్ల బట్టలు నేను కుట్టి పంపిస్తాను, మాట ఇస్తున్నాను.

కోవెలకుంట్ల పెద్దాయన, వర్జీనియా:

ఆ మాట మీదే ఉంటావా తల్లీ? అయితే కొలతలు పంపిస్తాను. ఉన్ని ఎక్కడ కొనాలో చెప్పు. మిరపకాయ సంగతి మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.

ప్రొద్దుటూరు తమ్ముడు, యార్క్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంటి యజమానికి ఈరోజే మెయిల్ పంపించాను. కత్తి తేవద్దని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఇంకొక్క సందేహం అక్కా, నాకు కళ్లజోడు లేకపోతే పది అడుగుల దూరం కనిపించదు. ఆ అంతర్యుద్ధంలోని మార్‌స్టన్ మూర్ పోరు ప్రదర్శన ఉంటే వెళ్లాలని ఉంది.

అనంతపురం అక్క, లెస్టర్:

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకో. ఇప్పటి ఫ్రేములు దళంలోకి రానివ్వరు. మసకగా చూస్తూ మాత్రం బల్లేల మధ్యకు వెళ్లకు, పక్కవాడికి ప్రమాదం. పొగకు కళ్లు మండుతాయి కాబట్టి రోజువారీ పారేసే లెన్సులు వాడు, ఇంకో జత సంచిలో ఉంచుకో. మార్‌స్టన్ మూర్ మీ యార్క్‌కు పడమరగా కొద్ది మైళ్లే. 1644 జూలై 2న రాజు పక్షానికి ఉత్తరాది మొత్తం చేజారింది అక్కడే. ప్రదర్శన కోసం ఆగకు, ముందు ఒకసారి ఒంటరిగా వెళ్లి ఆ నేల నడిచి చూడు, స్మారక స్తంభం రోడ్డు పక్కనే కనిపిస్తుంది. ఛాతీ చుట్టుకొలత, మెడ, చెయ్యి పొడవు అంగుళాల్లో నాకు పంపు. నారబట్ట మిగిలి ఉంది, చొక్కా నేనే కుట్టి ఇస్తాను. మేజోళ్లు, చెప్పులు నువ్వు కొనుక్కో.