ఫుట్‌పాత్ రాయికి తగిలాక చక్రం మోత, స్టీరింగ్ వణుకు

ప్రశ్న: పర్లాకిమిడిలో మా కారు ఎడమ ముందు చక్రం ఫుట్‌పాత్ రాయికి గట్టిగా కొట్టుకుంది. ఇచ్ఛాపురం హైవే మీద 80 దాటితే స్టీరింగ్ వణుకు, గుయ్యిమని మోత. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే పోతుందా అండీ?

జవాబు: అప్పుడే వద్దండీ, వంగిన రిమ్ము దానితో సరికాదు. చక్రం విప్పి రిమ్ము లోపలి అంచు చూడండి, సొట్ట బయటికి కనపడదు. టైరు పక్కలు చేత్తో తడమండి. ఉసిరికాయంత ఉబ్బున్నా లోపల దారాలు తెగినట్టే, మార్చాల్సిందే. ఉబ్బు లేకపోతే ఆ చక్రాన్ని వెనక్కి వేసి నడపండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటుకొస్తే తప్పు చక్రానిదే.

జవాబు: మోత వేరే సంగతి బాబూ. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్‌నే (చక్రం సాఫీగా తిరగనిచ్చే భాగం) అనుమానించాలి. జాకీ ఎత్తి పైనా కిందా పట్టి ఊపండి. ప్లే (వదులు) ఉంటే బేరింగో బాల్ జాయింటో (చక్రం దగ్గరి కీలు). పక్కలకు ఊపితే వదులుంటే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ).

జవాబు: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) వంగిందేమో కుడిదానితో పోల్చండి. అలైన్‌మెంట్ ఆఖర్న.