అప్‌డేట్: మ్యాచ్ మర్నాడు పిల్లల్ని పూల్‌లో దింపాం

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడితే మా నెల్లూరు కుర్రాళ్లకు మంగళవారం దాకా కాళ్లు పట్టేస్తున్నాయి, ప్రాక్టీస్ బదులు స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. తీసుకెళ్లాం.

ఈత పందేలు వద్దని ముందే గట్టిగా చెప్పాం. ఛాతీ లోతు నీళ్లలో నడక, మోకాళ్లు పైకెత్తడం, గోడ పట్టుకుని కాళ్లు ఊపడం, అంతే, ఓ 20 నిమిషాలు. ఆ లోతులో ఒంటి బరువులో సగం కూడా కాళ్ల మీద పడదు కాబట్టి కీళ్లకు దెబ్బ లేకుండా కండరాలు కదులుతాయి. రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగే మా లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) మర్నాడు చేతులూపుకుంటూ దిగాడు. నొప్పి పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

చన్నీళ్ల పద్ధతి, అంటే ఆట తర్వాత బాగా చల్లటి నీళ్లలో కూర్చోవడం, దాని సంగతి: దానికి 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు కావాలి. మన ఎండల్లో పూల్ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి! చేపల మార్కెట్ నుంచి ఐసు దిమ్మలు తెద్దామన్నాడు మా గోల్‌కీపర్. వద్దులే నాయనా అన్నాం.

పూల్ ఎందుకు, మైపాడు బీచ్ ఉందిగా అన్న అన్నలకు ఒక దండం. అలల్లో పిల్లల్ని కాచుకునే టెన్షన్ నా వల్ల కాదు. తోలు లేచిన గాయాలున్నవాళ్లను మాత్రం పూల్ గట్టునే కూర్చోబెడుతున్నాం.