ప్రీమియం మళ్లీ పెంచారు, ఆరోగ్యశ్రీ ఉంది కదా అని పాలసీ మానేయొచ్చా?

కావలి ఎలక్ట్రికల్స్:
అన్నలూ, మాది కావలి, చిన్న షాపు. మా నలుగురికీ, అమ్మానాన్నలకీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఒకటి కొన్నేళ్లుగా కడుతున్నా. నాన్నకి 67, షుగరు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ 18 శాతం ఎత్తేశారు కదా, ఈసారి తగ్గుద్దిలే అనుకుంటే రెన్యువల్ నోటీసులో పోయినేడాది కంటే ఎక్కువ వేశారు. ఏజెంటుని అడిగితే నాన్న వయసు స్లాబు మారింది సార్ అంటాడు. ఇంట్లో రైస్ కార్డు ఉంది, 25 లక్షల దాకా ఉచితం అంటున్నారు, ఇంకా కంపెనీకి పోయడం ఎందుకని మా ఆవిడ రోజూ గొడవ. ఇంకోపక్క ఆరోగ్యశ్రీని కూడా ఇన్సూరెన్స్ కంపెనీలకి ఇచ్చేస్తున్నారంట, అదేందో నాకు అర్థం కాలా. తెలిసినోళ్లు చెప్పండి. రాజకీయాలు వద్దు.

టంగుటూరు రైతు:
రాజకీయాలు వద్దంటే ఎట్టా అబ్బాయ్, అందులో ఉన్నదే అది. ప్రభుత్వం బకాయిలు ఇవ్వలేదని 2025 అక్టోబరులో ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపాయి చూడు, సరిగ్గా అప్పుడే మా మామకి గుండెనొప్పి వచ్చింది. తీసుకెళ్లిన చోట కౌంటర్లో అమ్మాయి కార్డు చేతిలోకి కూడా తీసుకోలా. "ప్రస్తుతానికి స్కీము లేదండీ, క్యాష్ అయితే అడ్మిట్ చేస్తాం" అంది. పొగాకు డబ్బులు చేతిలో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి ఎవరి గుమ్మం తొక్కాలి? 25 లక్షలు కాదు 25 కోట్లని రాయమను, ఆసుపత్రోడు తలుపు తీయకపోతే ఏం చేసుకుంటాం.

బిల్లింగ్ డెస్కు, నెల్లూరు:
నేను ఆరోగ్యశ్రీలో ఉన్న ఒక నెట్‌వర్క్ ఆసుపత్రిలో క్లెయిములు చూస్తా, పేరు అడగొద్దు. పైన అన్న చెప్పింది నిజమే, కాకపోతే కౌంటర్లో అమ్మాయిని తిట్టి లాభం లేదు. మాకు ఒక్కో ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ రేటు ఉంటుంది, అందులోనే మందులు, బెడ్డు, భోజనం అన్నీ. ఆ రేటు తక్కువ అని ఒక ఏడుపు, అదీ నెలల తరబడి రాదని ఇంకో ఏడుపు. మందులు సప్లై చేసేవాళ్లు మా మెడ మీద కూర్చుంటే మేనేజ్‌మెంటు మొదట ఆపేది స్కీము పేషెంట్లనే. పరిమితి ఎంత అని అందరూ అడుగుతారు, డబ్బు ఎవరు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని ఎవరూ అడగరు. అసలు సంగతి అక్కడే ఉంది.

కొత్త పద్ధతి ఏంటంటే, 2025 సెప్టెంబరులో కేబినెట్ ఒప్పుకున్న ప్రకారం కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది, ఆ పైన 25 లక్షల దాకా స్కీము నడిపే ప్రభుత్వ ట్రస్టు. చికిత్సకి అనుమతి 6 గంటల్లో, ఆసుపత్రికి డబ్బు 15 రోజుల్లో అన్నారు. నిజానికి ఇది కొత్తేం కాదు, 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో ఆరోగ్యశ్రీ మొదలైందే ఇన్సూరెన్స్ కంపెనీతో, తర్వాతే మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. మా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ భాగం 2.5 లక్షల లోపువే, అంటే పేరుకి సగం సగం అయినా మామూలు జనం వ్యవహారం కంపెనీతోనే. ప్రభుత్వం ప్రీమియం టైముకి కట్టినంత కాలం మాకు డబ్బు త్వరగా వస్తుంది, ఆ వరకు మంచిదే. ఆ ప్రీమియమే బకాయి పడితే మాత్రం మళ్లీ మొదటికే. పైగా ట్రస్టు డాక్టరు ఒక కేసు కాదంటే ఆయన జేబులోకి ఏమీ రాదు, కంపెనీ కాదంటే అది దానికి మిగులు. ఆ తేడా మర్చిపోవద్దు.

చీమకుర్తి నుంచి:
ఈ వేల కోట్లేవో ఒంగోలు రిమ్స్‌కి, నెల్లూరు పెద్దాసుపత్రికి పెడితే పోయేది కదా. స్కానింగ్ మిషన్లు, స్టాఫ్ సరిగ్గా ఉంటే మధ్యలో కంపెనీ ఎందుకు, ట్రస్టు ఎందుకు. మా క్వారీల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోయినోళ్లకి ఆపరేషన్ ప్యాకేజీతో పనిలేదు, నెలనెలా మందులు కావాలి. ఓపీ మందులకి ఇన్సూరెన్స్ ఎవరిస్తున్నారు?

బిల్లింగ్ డెస్కు, నెల్లూరు:
@చీమకుర్తి ఒప్పుకుంటా. కానీ ఆయన అడిగింది ఈ నెల రెన్యువల్ గురించి.

పాలసీ పిచ్చోడు:
కావలి తమ్ముడూ, ఆవేశపడి మానేయొద్దు. రెండేళ్ల తర్వాత మళ్లీ కొత్త పాలసీ తీసుకుంటే నాన్నగారి షుగరుకి వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకి క్లెయిము ఇవ్వని కాలం, మొదటి నుంచి లెక్క, మూడేళ్ల దాకా పెట్టొచ్చు వాళ్లు. ఆపకుండా అయిదేళ్లు కడితే, మోసం అని రుజువు చేస్తే తప్ప పాత జబ్బు దాచారని క్లెయిము కొట్టేయడానికి లేదు, 2024లో ఐఆర్‌డీఏఐ, అదే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, తెచ్చిన రూలు. చేతికొచ్చిన దాన్ని ఎందుకు వదులుకోవడం?

జీఎస్టీ తీసినా తగ్గకపోవడానికి స్లాబు ఒక కారణం. ఇంకోటి, పన్ను పోయేసరికి కంపెనీలు కమీషన్ల లాంటి వాటి మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోలేవు, అదీ కొంత ప్రీమియంలోకే వస్తుంది. ఫ్లోటర్‌లో ఇంట్లో పెద్ద వయసు ఎవరిదో దాన్ని బట్టే రేటు వేస్తారు కాబట్టి అమ్మానాన్నలకి విడిగా, మీ నలుగురికి విడిగా చేసి ఎంతవుతుందో అడుగు, ఇన్నేళ్లు కట్టిన లెక్క పోకుండా చేయమను. 60 దాటినవాళ్లకి ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ఐఆర్‌డీఏఐని అడగాలి, అది 2025 జనవరి నుంచి ఉంది. స్లాబు మారిందనే మాట చెప్పి తప్పించుకోకుండా లెక్క కాగితం మీద రాసిమ్మను. నాన్నగారికి 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, 5 లక్షలు, ఆదాయంతో పనిలేదు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు.

ఇంకోటి, రూము అద్దె పరిమితి చూసుకో. మా బావగారి పాలసీ 3 లక్షలది, రూముకి రోజుకి ఒక శాతం, అంటే 3 వేలు. ఏసీ కావాలని 6 వేల రూములో పడుకున్నాడు. రూము తేడా ఒక్కటే పోతుందనుకుంటే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు అన్నీ అదే లెక్కన సగానికి కోశారు.

కావలి ఎలక్ట్రికల్స్:
థాంక్స్ అన్నా. మద్రాసు వెళ్తే కార్డు పనికొస్తుందా? ఇక్కడ ఏదైనా పెద్దదైతే మేమంతా అటే కదా పోయేది.

బిల్లింగ్ డెస్కు, నెల్లూరు:
అక్కడ అన్ని ఆసుపత్రులూ లేవు, ఉన్నవాటిలో కూడా అన్ని జబ్బులకీ కాదు. రైలెక్కే ముందే 104కి ఫోన్ చేసి ఆసుపత్రి పేరు, జబ్బు పేరు రెండూ చెప్పి అడుగు. లేదంటే ఇక్కడ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని, అంటే స్కీము పేషెంట్లకి సాయం చేసే మనిషిని, కలువు, వాళ్లు చూసి చెప్తారు.

పాలసీ పిచ్చోడు:
నోటీసు ఫొటో పెట్టు తమ్ముడూ, మీ పేర్లు, పాలసీ నంబరు కొట్టేసి. రూము అద్దె పరిమితి, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంతున్నాయో చూసి చెప్తా.

టంగుటూరు రైతు:
ఏజెంటు ఫోన్ నంబరు కూడా కొట్టేయ్, లేకపోతే రేపట్నుంచి మాకందరికీ ఫోన్లు చేస్తాడు.