గ్లూకోజ్ + లాక్టోజ్ మీడియాలో ఈ.కోలై మధ్యలో ఆగిపోతోంది, ఎందుకు?

మైక్రో_స్వాతి: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ.కోలై బ్యాక్టీరియా గ్రోత్ కర్వ్ తీస్తున్నాను. మీడియాలో గ్లూకోజ్ కొంచెమే, లాక్టోజ్ ఎక్కువ. ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) చక్కగా పెరిగి, మధ్యలో కాసేపు కదలదు, మళ్లీ ఎక్కుతుంది. కల్చర్ పాడైందేమోనని టెన్షన్. ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?

పెట్రీప్లేట్: పాడవలేదండీ, రావాల్సిన కర్వే వచ్చింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1941లో ఈ రెండు దశల ఎదుగుదలకే ‘డయాక్సీ’ అని పేరు పెట్టారు. గ్లూకోజ్ అయిపోయాక లాక్టోజ్‌ని విడగొట్టే ఎంజైమ్ బీటా-గెలాక్టోసిడేజ్ తయారవ్వాలి, అందుకే ఆ ఆగడం. ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి 1961లో ఆయన ఇచ్చిన ఆపెరాన్ (ఒకే స్విచ్‌తో కలిసి పనిచేసే జన్యువుల గుంపు) వివరణకు ఇలాంటి ప్రయోగాలే దారి చూపాయి.

మైక్రో_స్వాతి: కానీ లాక్టోజ్ మొదటి నుంచీ ఉంది కదా! ఆ ఎంజైమ్ జన్యువుని ఆపి ఉంచే రెప్రెసర్ ప్రొటీన్ అప్పుడే డీఎన్ఏని ఎందుకు వదలదు?

ప్రొటీన్_రవి: లాక్టోజ్ ఫ్లాస్కులో ఉంటే చాలదు, కణం లోపలికి రావాలి. గ్లూకోజ్ లోపలికి వెళ్తున్నంతసేపూ దాన్ని మోసే వ్యవస్థలోని ఒక ప్రొటీన్ లాక్టోజ్ పెర్మియేజ్‌ని (లాక్టోజ్‌ని కణంలోకి తెచ్చే ప్రొటీన్) అడ్డుకుంటుంది. పైగా రెప్రెసర్‌ని ఊడదీసేది లాక్టోజ్ కాదు, దాని నుంచి వచ్చే అల్లోలాక్టోజ్. దాన్ని తయారుచేసేది కూడా బీటా-గెలాక్టోసిడేజే! రెప్రెసర్ పట్టు ఎప్పుడూ నూరు శాతం ఉండదు కాబట్టి ఆ ఎంజైమ్ కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది, అదే మొదలు.

పుస్తకాల్లో సైక్లిక్ ఏఎంపీ (కణంలోని ఒక చిన్న సంకేత అణువు) తగ్గడమే అసలు కారణం అన్నట్టు రాస్తారు. ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే చోటు) గట్టిగా పనిచేయాలంటే సీఆర్పీ అనే ప్రొటీన్, సైక్లిక్ ఏఎంపీ రెండూ కావాలి, నిజమే. కానీ మీ ఫ్లాస్కులో పెద్ద అడ్డు పెర్మియేజ్ దగ్గరే ఉందని నా అభిప్రాయం. పెర్మియేజ్ లేకుండానే లోపలికి వెళ్లి, అల్లోలాక్టోజ్‌లా రెప్రెసర్‌ని ఊడదీసే ఐపీటీజీ అనే రసాయనం వేసి చూడండి, ఆ విరామం పోతుంది. రెప్రెసర్ జన్యువు చెడిన స్ట్రెయిన్‌లోనూ అంతే.

బఫర్_బాబు: మా ల్యాబ్‌లో ఇదే గుణాన్ని పనికి వాడుకుంటాం. ప్రొటీన్ తయారీకి వాడే ఈ.కోలై స్ట్రెయిన్ బీఎల్21(డీఈ3)లో విషపూరితమైన ప్రొటీన్ చేయించేటప్పుడు స్టార్టర్ కల్చర్‌లో (ముందుగా పెంచే చిన్న కల్చర్) 1% గ్లూకోజ్ వేస్తాం, లీకేజీ (ముందే కొద్దికొద్దిగా ప్రొటీన్ తయారవడం) బాగా తగ్గుతుంది. ఆటోఇండక్షన్ మీడియాది కూడా ఇదే సూత్రం: 0.05% గ్లూకోజ్, 0.2% లాక్టోజ్, 0.5% గ్లిసరాల్. గ్లూకోజ్ అయిపోగానే ప్రొటీన్ దానంతటదే మొదలవుతుంది, రాత్రి ఐపీటీజీ వేయడానికి ఎవరూ మేలుకోనక్కర్లేదు.

పెట్రీప్లేట్: స్వాతిగారూ, ఓడీ ఆగిన చోట పది నిమిషాలకోసారి శాంపిల్ తీసి ఓఎన్‌పీజీ (బీటా-గెలాక్టోసిడేజ్ విడగొడితే పసుపు రంగు ఇచ్చే రసాయనం) ఎస్సే చేయండి. ఓడీ కదలకపోయినా పసుపు రంగు పెరుగుతూ ఉంటుంది. వైవాలో ఆ గ్రాఫ్ ఉంటే ఇంకో ప్రశ్న రాదు.

మైక్రో_స్వాతి: ఓఎన్‌పీజీ ల్యాబ్‌లో ఉంది. ఐపీటీజీ వేసిన ఫ్లాస్కు కూడా పక్కనే పెడతాను. స్టార్టర్ లాక్టోజ్‌లో పెంచితే తేడా వస్తుందా?

ప్రొటీన్_రవి: వస్తుందండీ. అప్పటికే ఎంజైమ్, పెర్మియేజ్ కణాల్లో ఉంటాయి కాబట్టి విరామం తగ్గుతుంది. గ్లూకోజ్‌లో ఎన్ని తరాలు గడిస్తే అవి అంత పలచబడతాయి. అందుకని అన్ని ఫ్లాస్కులకూ ఒకే స్టార్టర్ వాడండి.