చిత్తడి నేల పూడ్చే పర్మిట్‌పై అభ్యంతరం ఎలా రాయాలి?

అమెరికాలో ఉంటున్నవాళ్లలో ఎవరికైనా ఈ విషయంలో అనుభవం ఉంటే కాస్త చెప్పండి. మా ఇళ్ల వెనక ఉన్న చిత్తడి నేలను కొంత పూడ్చి గోదాములు కట్టడానికి ఒక బిల్డర్ దరఖాస్తు పెట్టాడు. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ (నీటి కాలుష్యాన్ని అరికట్టే ఫెడరల్ చట్టం) సెక్షన్ 404 కింద, ఇలాంటి పూడ్చివేతకు పర్మిట్లిచ్చే ఫెడరల్ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ పబ్లిక్ నోటీసు ఇచ్చింది. అభిప్రాయాలు పంపడానికి మామూలుగా 15 నుంచి 30 రోజులే ఇస్తారు, అందుకే టెన్షన్.

నాకు అర్థమైనంతలో, "మాకిది వద్దు" అని వందమంది సంతకాలు పెట్టినా పెద్దగా లాభం లేదు, కారణాలు చూపించాలి. గోదాము నీళ్ల పక్కనే ఉండాల్సిన కట్టడం కాదు కదా. అలాంటివాటికి వేరేచోట స్థలం దొరుకుతుందనే నిబంధనలు ముందుగా భావిస్తాయి. దొరకదని నిరూపించుకోవాల్సింది దరఖాస్తుదారే. లేఖంతా దీని మీదే నడిపిస్తే చాలా? వానలకు మా వీధుల్లో నిలిచే నీళ్ల ఫొటోలు కూడా జతచేయాలా?

బహిరంగ విచారణ కావాలని కారణాలతో రాసి ఎవరైనా అడగొచ్చు. అలా అడిగితే నిజంగా పెట్టినవి మీరెవరైనా చూశారా? ఇదే చట్టంలోని సెక్షన్ 401 కింద రాష్ట్రం ఇచ్చే నీటి నాణ్యత సర్టిఫికెట్ విషయంలో రాష్ట్రానికి కూడా విడిగా రాయాలా?

అసలు భయం ఇంకోటుంది. 2023లో సుప్రీంకోర్టు సాకెట్ కేసు తీర్పు ప్రకారం, వాగుతోనో నదితోనో పైపైన నీరు కలిసిలేని చిత్తడి నేల ఈ చట్టం కిందకే రాదు. బిల్డర్ రేపు ఆ మాట ఎత్తితే ఏం చేయాలి? లాయర్‌ని పెట్టుకునే స్తోమత మాకు లేదు. మీరు పంపిన లేఖ ఏదైనా ఉంటే పేర్లు తీసేసి చూపించినా చాలు.