అప్‌డేట్: ఫైళ్లు వచ్చేశాయి, ఏడిపించింది ఫాంట్లే

కావలిలో మా డీటీపీ షాపులో ఉన్న విండోస్ 7 సిస్టమ్ నుంచి విండోస్ 11 ఉన్న కొత్తదానికి ఫైళ్లు, సెట్టింగులు ఎలా మార్చుకోవాలని పోయిన నెల అడిగాను కదా. పని అయింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

మొదట 32 జీబీ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టా. ఒక పెళ్లి వీడియో దగ్గర మొరాయించింది. ఖాళీ బోలెడుంది, అయినా ఫైలు పెద్దదంటుంది! పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందట, దాంట్లో 4 జీబీ, అంతకు మించిన ఫైలు పట్టదు. విసుగొచ్చి, మీలో ఒకరు చెప్పినట్టే పాత హార్డ్‌డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ కేబుల్‌తో కొత్తదానికి తగిలించా. డెస్క్‌టాప్ డిస్కు కాబట్టి కరెంటు అడాప్టర్ ఉన్న కేబులే కొనాలి, గుర్తుపెట్టుకోండి.

అసలు తంటా తర్వాత వచ్చింది. ఒక శుభలేఖ తెరిస్తే పైన 'శ్రీరస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, ఏవేవో గుర్తులు. నాన్న పదిహేనేళ్ల పని పోయిందని ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఫైలుకేం కాలేదు. డీటీపీకి వాడే మా పాత అను తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెలుగు ఇలాగే కనిపిస్తుంది. పాత డిస్కులో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి వాటిని తెచ్చి ఇన్‌స్టాల్ చేయగానే శ్రీరస్తు ప్రత్యక్షం!

బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకున్నా, రెండు నిమిషాల పని. పాత ప్రింటరుకు మాత్రం విండోస్ 11లో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే కొత్త డ్రైవర్, దొరకలేదు. డిస్కు మళ్లీ బిగించి, పాత సిస్టమ్‌ను ప్రింట్ల కోసమే మూలన ఉంచా. నాన్నకు అదే సంతోషం.